మడ్‌గార్డు మీది మట్టి

మొన్న జూబ్లీ హిల్స్‌లో మా ఆఫీసు కింద, కార్లు పెట్టుకునే చోట పెద్ద పంచాయితీ జరిగింది. మా నిర్మాతగారికి ఈమధ్య సైకిల్ పిచ్చి పట్టింది. డాక్టరు నడవమంటే ఆయన సైకిల్ కొన్నారు. సైకిల్ కొన్నాక దానికి తగ్గ బట్టలు, బట్టలకు తగ్గ కళ్ళజోడు కొన్నారు. అన్నీ అమిరాక జూబ్లీ హిల్స్ రోడ్లు తన స్థాయికి చాలవని తేలింది. కొండల్లో తొక్కుతానని సైకిల్‌ని విమానంలో తీసుకెళ్తున్నారు. దానికోసం తెప్పించిన గట్టి డబ్బాలో సైకిల్ పట్టడం లేదు. ఇద్దరు డ్రైవర్లు, ఒక ఎడిటరు, ఎవరో హీరోయిన్‌గారి అన్నయ్య చుట్టూ నిలబడి తలో సలహా ఇస్తున్నారు.

"హ్యాండిల్ బోల్టు వదులు చేసి పక్కకి తిప్పేయండి. పెడళ్లు విప్పండి. చైనుకి గుడ్డ చుట్టండి. టైర్లలో గాలి తీసేయండి, కౌంటర్లో ఎలాగూ తీయమంటారు" అన్నాను మెట్ల మీద నుంచే.

అందరూ నా వంక చూశారు. నేను ఇరవై డైలాగులు రాసిస్తే రెండు ఉంచుకుని మిగతావి కొట్టేసే మనిషి, ఆరోజు నా మాట పొల్లుపోకుండా విన్నారు. సైకిల్ బుద్ధిగా డబ్బాలో పడుకుంది.

"మీరు సైకిల్ తొక్కుతారా అమ్మా?" అన్నారు నిర్మాతగారు.

"తొక్కనండి. ఒకసారి విమానం ఎక్కించాను."

నిజానికి ఎక్కించింది నేను కాదు, కాకా. నేను పక్కన ఉన్నాను, అంతే. ఆరోజు సాయంత్రం శ్రీనగర్ కాలనీలో ఇంటికి వెళ్తున్నంతసేపూ నాలో నేనే నవ్వుకుంటుంటే ఆటో అతను అద్దంలోంచి రెండుసార్లు అనుమానంగా చూశాడు.

కాకా ప్రాపర్టీ మనిషి. అంటే సినిమాలో నటులు పట్టుకునే, విసిరే, పగలగొట్టే ప్రతి వస్తువునూ సమయానికి తెచ్చి చేతికిచ్చి, షాట్ అవగానే మళ్ళీ వెనక్కి తీసుకునే మనిషి. ఫిల్మ్ నగర్‌లో ఒక సందు చివర రేకుల గోడౌను ఆయన రాజ్యం. పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు, ఊరంతటికీ ఆయన కాకాయే. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని కాబట్టి బాబాయ్ అనేదాన్ని. "కాకా అంటే నోరు నొస్తదా?" అని మొదటిరోజే అడిగి, జవాబు వినకుండా నన్ను బిడ్డా అనడం మొదలుపెట్టాడు.

ఆయన దృష్టిలో సినిమా చేసేది మనుషులు కాదు, సామాను. గోడౌన్‌లో ఒక్కో వస్తువునూ ఆర్టిస్టుని పరిచయం చేసినట్టే పరిచయం చేశాడు నాకు.

"గీ కూజా ఐదు సిన్మాలు చేసింది. ఐదింట్ల హీరో తల్లి దీన్ల నీళ్ళు తాగకుండనే సచ్చిపోయింది. దీని నసీబు గంతే."

"మరి ఆ ఊతకర్ర?"

"అది జమీందారు ఏషమే ఏస్తది. బిచ్చగాని ఏషానికి అడిగిండ్రు. నేనే వద్దన్న. ఒక్కసారి దిగినమంటె మళ్ళ ఎక్కనియ్యరు."

సెట్లో ఎన్ని సోఫాలున్నా కూర్చునేవాడు కాదు. తన బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చునేవాడు. సినిమా విడుదలైతే ఎర్రగడ్డలో ఇంటిదగ్గర హాలుకి మొదటిరోజే వెళ్ళేవాడు. సగంలో లేచి వచ్చేసేవాడు.

"కథ ఎలా ఉంది బాబాయ్?"

"కథ ఏమో బిడ్డా. లాంతరు మాత్రం మంచిగ చేసింది. ఇంటర్వల్ కాడ పగిలిపోయింది. అది పోయినంక ఇంకేం జూస్త, లేచొచ్చిన."

ఇన్ని సైకిళ్ళు చేతుల మీదుగా నడిపించినవాడికి సైకిల్ తొక్కడం రాదు. ఎంత దూరమైనా పక్కన నడుస్తూ తోసుకుంటూ వచ్చేవాడు. తొక్కుడు హీరో పని, తోసుడు నా పని అనేవాడు.

నేనప్పుడు కొత్త అసిస్టెంట్ డైరెక్టర్ని. నాకిచ్చిన పని కంటిన్యుటీ. ముందు షాట్లో హీరో జేబులో పెన్ను ఉంటే తర్వాత షాట్లోనూ ఉండాలి, గ్లాసులో సగం నీళ్ళుంటే సగమే ఉండాలి. నేను షాట్ షాట్‌కీ ఫోన్లో ఫోటోలు తీసుకునేదాన్ని. కాకా ఏదీ రాసుకునేవాడు కాదు, ఫోటో తీసుకునేవాడు కాదు. కణత మీద వేలితో కొట్టి, "గీడ పడ్డదంటె పోదు" అనేవాడు. అది ఉత్త గొప్ప కాదు. మూడు నెలల కిందటి సీనులో బల్ల మీద ఎన్ని అరటిపళ్ళున్నాయో, వాటిలో ఏది మచ్చపడిందో చెప్పడం నేను చెవులారా విన్నాను.

ఆ సినిమాకి కొత్త ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. చురుకైనవాడు, కొంచెం ఎక్కువే చురుకు. సామానంతా బయట దుకాణం నుంచి తెప్పించుకోవచ్చని, గోడౌను దండగని ఆయన లెక్క. ఒకరోజు అందరి ముందూ అననే అన్నాడు.

"పెద్దాయనకి ఈ వయసులో ఏం గుర్తుంటాయండీ? ఒక్క వస్తువు తేడా రానివ్వండి, ఆరోజే పంపించేద్దాం."

కాకా అక్కడే లాంతరు గాజు తుడుస్తున్నాడు. వినబడనట్టే తుడిచాడు. తర్వాత నాతో, "ఇంట్ల కూసుంటే మా ముసల్ది చిక్కుడుకాయ ఈనెలు తీయమంటది బిడ్డా. అది నాతోని గాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గాజు మాత్రం అవసరానికి మించి తుడుస్తూనే ఉన్నాడు. ఆ గోడౌను తప్ప ఆయనకు వేరే లోకం లేదని నాకు తెలుసు. అప్పటినుంచి మేనేజరు కళ్ళలో వత్తులు వేసుకుని కాకా తప్పు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

ఇక పాట సంగతి. ఫిల్మ్ నగర్లో వేసిన గోదావరి పల్లెటూరి సెట్లో హీరో సైకిల్ మీంచి బురదలో పడతాడు. లేచి, దులుపుకుని, సైకిలెక్కితే మంచుకొండల్లో తేలతాడు. గోదావరి పక్కన పడ్డవాడు హిమాలయాల్లో ఎలా లేచాడని మన ప్రేక్షకులు అడగరు, పెద్దమనసు. కానీ సైకిల్ మాత్రం అదే సైకిల్ అయి ఉండాలి. వెనక మడ్‌గార్డుకి సొట్ట, దాని మీద ఎండిన ఎర్రమట్టి, పడినప్పుడు ఒక పక్కకి తిరిగిపోయిన హ్యాండిల్, అన్నీ అలాగే ఉండాలి.

సామాను లారీ ముందే కొండలకి వెళ్ళిపోయింది. హీరోవి మిగిలిన షాట్లు కొన్ని ఆఖరిరోజు వరకూ ఇక్కడే తీయడంతో సైకిల్ ఉండిపోయింది. కొండల్లో హీరో ఇచ్చిన డేట్లు రెండు రోజులే. కాబట్టి సైకిల్ విమానంలో వెళ్ళాలి, దానికి తోడు కాకా, కాకాకి తోడు నేను.

గోడౌను ముందు సందులో ఫ్రిజ్ అట్టపెట్టె కోసి, రోజంతా ప్యాకింగ్ చేశాడు. మడ్‌గార్డు మట్టికి ముందు పల్చటి గుడ్డ, దానిపైన ప్లాస్టిక్ కవరు చుట్టాడు. పురిటిబిడ్డకి కూడా ఎవరూ అంత జాగ్రత్త చేయరు.

"మట్టే కదా బాబాయ్, అక్కడ దొరకదా?"

"ఆడ నల్లగుంటదంట. ఇది మన ఫిల్మ్ నగర్ మట్టి. ఇది ఊడిందంటె నా ఇజ్జత్ ఊడినట్టే."

హ్యాండిల్ పక్కకి తిప్పాల్సి వచ్చేసరికి ఆగిపోయాడు. నా గోళ్ళరంగు సీసా అడిగాడు. ఇచ్చాను. హ్యాండిల్ ఎటు తిరిగి ఉందో ఆ గుర్తుకి దాని మెడ దగ్గర ఎర్రటి చుక్క ఒకటి పెట్టుకుని, అప్పుడు బోల్టు వదులు చేశాడు. మచ్చపడిన అరటిపండు గుర్తున్న మనిషికి ఈ చుక్కెందుకని నాకు అప్పుడు తట్టలేదు. అతిజాగ్రత్త అనుకున్నాను.

ఎయిర్‌పోర్టు కౌంటర్లో అమ్మాయి, "ఇందులో ఏముందండీ?" అంది.

"ఆర్టిస్ట్ ఉన్నడు తల్లీ. పండబెట్టొద్దు, నిలబెట్టి తీస్కపోండ్రి."

నేను కలగజేసుకుని సైకిల్ అని చెప్పాను. పగిలే సామాను అని ఒక స్టిక్కరు అంటించబోతే ఆరు వైపులా ఆరు అడిగి వేయించుకున్నాడు. పెద్ద సామాను కాబట్టి వేరే బెల్టు దగ్గరికి పంపారు. అక్కడ సెక్యూరిటీ ఆఫీసరు పెట్టె విప్పించాడు. ప్లాస్టిక్ కవరు, గుడ్డ, లోపల మట్టి. ఆయన హిందీలో ఇదేమిటన్నాడు. కాకా ఏమాత్రం తొణక్కుండా, మట్టి సాబ్ అన్నాడు. మట్టిని ఇంత భద్రంగా విమానంలో తీసుకెళ్ళేవాళ్ళని ఆ ఆఫీసరు అంతకుముందు చూసి ఉండడు. నేను ఫోన్లో హీరో అదే సైకిల్ మీద ఉన్న ఫోటో చూపించాను. ఫోటోలో మట్టినీ పెట్టెలో మట్టినీ ఆయన మార్చి మార్చి చూశాడు. తర్వాత తన చేతులతోనే కవరు మళ్ళీ చుట్టి, హీరోని అడిగానని చెప్పమన్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటే, లోపల తనిఖీలో కాకా జేబులోంచి పానా దొరికింది. బోల్టులు విప్పే పానాని పెట్టెలో పెట్టకుండా ఎప్పట్లాగే జేబులో వేసుకున్నాడు. లాక్కున్నారు. సగం జీవితం ఆ జేబులోనే ఉన్న పానా అది. విమానంలో బెల్టు పెట్టుకున్నాక కూడా జేబు తడుముకుంటూనే ఉన్నాడు. కిటికీలోంచి మా పెట్టె బెల్టు మీద పైకెక్కడం కనబడింది.

"పండబెట్టిండ్రు" అన్నాడు బాధగా.

మొదటిసారి విమానమెక్కిన మనిషి మబ్బుల వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఎయిర్ హోస్టెస్ నీళ్ళిస్తే, కింద సామాన్ల గదిలో చలి ఎక్కువుంటుందా అని అడిగాడు.

చండీగఢ్‌లో దిగి, కారులో కొండలెక్కేసరికి సాయంత్రమైంది. ఆ చలికి కాకా దగ్గుతో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. "ఏడన్న ఒక పానా అడిగి తే బిడ్డా, పొద్దుగాల నేనే బిగిస్త" అన్నాడు. బజారులో సైకిల్ షాపు కనబడింది. అక్కడే నేను తెలివి ప్రదర్శించాను. పాపం పెద్దాయన, జ్వరం వచ్చేట్టుంది, రేపు పొద్దున్నే ఏం బిగిస్తాడులే అని, డ్రైవరు చేత పెట్టె తెప్పించి షాపతనికి అప్పగించాను. బిగించి ఉంచమని చెప్పి టీ తాగడానికి వెళ్ళాను.

గంట తర్వాత వస్తే సైకిల్ పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. చక్రాలు బిగించాడు. హ్యాండిల్ నిటారుగా నిలబెట్టాడు. మడ్‌గార్డు సొట్ట తీశాడు. మట్టి కడిగాడు. కిరసనాయిలు గుడ్డతో ఇనుమంతా తుడిచి, తుప్పుతో పాటు గోళ్ళరంగు చుక్క కూడా తుడిచేశాడు. మెరుస్తున్న మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిమిరి, నా మెచ్చుకోలు కోసం చూశాడు. ఇంకెక్కడైనా అయితే ఆ మనిషికి దండం పెట్టాలి. మంచి సైకిల్‌ని పాడుచేస్తే సరిచేయొచ్చు. మా చెడ్డ సైకిల్‌ని అతను బాగుచేశాడు, దానికి మందులేదు. చేసేదేంలేక షుక్రియా అన్నాను. అతని దగ్గరే ఒక పానా అడిగి తెచ్చుకున్నాను.

తెల్లవారకుండానే వెళ్ళి కాకాకి చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆయన సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెడ దగ్గర వంగి, చుక్క ఉండాల్సిన చోట బొటనవేలితో రుద్దాడు. చాలాసేపు రుద్దాడు.

"నువ్వు కడిగించినవని ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. కొత్తగొచ్చినవ్. నీ పని పోతది."

"మీకో?"

"జర వంటోళ్ళ దిక్కు వొయ్యి కాఫీపొడి, గోధుమపిండి, ఎర్ర కారం పట్కరా. ఫికర్ జెయ్యకు."

మడ్‌గార్డుని ఒక్క తన్ను తన్ని సొట్ట పెట్టాడు. పిండిలో కాఫీపొడి, చిటికెడు కారం కలిపి, వేళ్ళతో అద్ది, హోటల్ వాళ్ళ జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఎండబెట్టాడు. ఫిల్మ్ నగర్ మట్టి అచ్చుగుద్దినట్టు తయారైంది. హ్యాండిల్ మాత్రం చివరిదాకా ముట్టుకోలేదు. ముట్టుకోబోయి, మళ్ళీ మట్టే సరిచేసేవాడు. ఎందుకని నేను అడుగుదామనుకునేలోపే మేనేజరు వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"ఇంకా అవలేదా? హీరోగారు వచ్చేశారు."

కాకా పానా తీసుకుని, హ్యాండిల్‌ని కుడికి తిప్పి బిగించేశాడు. మారు ఆలోచన లేనట్టు, గట్టిగా.

నేను పక్కకి వెళ్ళి ఫోన్లో చూసుకున్నాను. ఎడమ. ప్రతి ఫోటోలోనూ ఎడమే.

అప్పుడు అర్థమైంది నాకు ఆ చుక్క ఎందుకో. అంత గారాబంగా మట్టిని ఎందుకు చుట్టాడో కూడా అర్థమైంది. తనకి గుర్తుండటం మానేసిన విషయం కాకాకి అప్పటికే తెలుసు. ఇక గుర్తుపెట్టుకునే పని సామానుకే అప్పజెప్పుకున్నాడు. నేను మంచికి పోయి కడిగించింది మట్టిని కాదు.

"ఏమ్మా, అంతా సరిగ్గా ఉందా? ఫోటోలు చూసి చెప్పండి" అన్నాడు మేనేజరు.

"చలికి ఫోన్ ఆగిపోయిందండి" అన్నాను. వెచ్చగా పనిచేస్తున్న ఫోన్‌ని స్వెట్టర్లోకి తోశాను. ఒక గ్లాసు టీ పట్టుకెళ్ళి కాకా చేతికిస్తూ, పెదాలు కదలకుండా, "ఎడమ, బాబాయ్" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. టీ మొత్తం తాగాడు. గ్లాసు నాకిచ్చి, వెళ్ళి సైకిల్ ముందు కూర్చుని, తుడుస్తున్నట్టే తుడుస్తూ పానాతో ఏదో చేసి లేచాడు. హీరో రిహార్సల్‌కి ఎక్కాడు. నాలుగు గజాలు పోయాడో లేదో, చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఒకవైపు తిరిగాయి. హీరో కాలు కింద పెట్టి నిలదొక్కుకున్నాడు.

"ఒక బోల్టు బిగించడం కూడా చేతకాదా? హీరోగారికి ఏమన్నా అయితే ఎవరిదండీ పూచీ?" మేనేజరు అరుపుకి కొండలు బదులిచ్చాయి.

కాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పయింది సార్. చలికి చెయ్యి బిగవలే."

జీవితంలో ఒక్క బోల్టు వదులుగా వదలని మనిషి వందమంది ముందు తిట్లు తింటుంటే, ఆ తిట్లు నావని తెలిసి కూడా నేను నోరు మూసుకునే ఉన్నాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. చివరికి హీరోయే, "పోనీండి, కాకా కదా" అని నవ్వాడు. హీరో నవ్వితే మేనేజరు కూడా నవ్వాలి, మా దగ్గర అది చట్టం. కాకా పానాతో వెళ్ళి, అందరి కళ్ళ ముందూ, హ్యాండిల్‌ని ఎడమకి తిప్పి బిగించాడు. డైరెక్టరు మానిటర్లో చూసి, "ఆ, ఇప్పుడు బావుంది" అన్నాడు. షాట్ మధ్యలో హీరోకి ఎక్కడో మంచి కాఫీ వాసన వస్తోందనిపించి, అందరికీ కాఫీలు చెప్పాడు.

సాయంత్రం సామాను సర్దుతూ కాకా అన్నాడు. "బోల్టు వదులైతె తిట్టి, బిగియ్యమంటరు. గిది వదులైందంటె బిగించెటోడు లేడు బిడ్డా." కణత మీద వేలితో మెల్లగా కొట్టాడు.

తిరిగొచ్చాక, ఇద్దరం కూర్చుని ఒప్పందమేమీ చేసుకోలేదు. కానీ మర్నాటి నుంచి ఆయనలో ఒక మాస్టారు పుట్టుకొచ్చాడు. షాట్‌కి ముందు, నలుగురికీ వినబడేలా, "చెప్పు చూద్దాం బిడ్డా, గడియారం ఏ చేతికుండె?" అనేవాడు. నేను లేచి నిలబడి, ఫోన్ చాటుగా చూసుకుని, కుడిచేతికి బాబాయ్ అనేదాన్ని. "శాబాష్. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవ్" అని, వెళ్ళి గడియారం కుడిచేతికి కట్టించేవాడు. ఒక్కోసారి నేను కావాలని తల గోక్కునేదాన్ని. "ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని మొట్టికాయ వేసేవాడు, కొంచెం గట్టిగానే. పెద్దాయన కొత్త పిల్లకి ఎంత ఓపికగా పని నేర్పుతున్నాడో అని మేనేజరే మెచ్చుకున్నాడు. అలా ఇంకో మూడు సినిమాలు లాగాం. మేమిద్దరం కలిసి చేసిన దొంగతనం అదొక్కటే.

తర్వాత మోకాళ్ళ నొప్పులని చెప్పి తనే మానేశాడు. నేను రాతలోకి మారాను. ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం.

నిర్మాతగారి సైకిల్ విమానమెక్కిన ఆదివారం నేను ఎర్రగడ్డ వెళ్ళాను. కాకా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య తలుపు దగ్గరే చెప్పింది.

"ఎవల్ని గుర్తువడ్తలేడమ్మా. పొద్దుగాల నన్నే ఎవలు నువ్వు అన్నడు. నువ్వు బాధపడకు."

ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. కాకా నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. కళ్ళలో ఏమీ లేదు. ఒక్క క్షణం భయపడ్డట్టు కూడా అనిపించింది. అంతలో నడుము నిటారు చేసి, గొంతు సవరించుకుని, వీధిలోకి వినబడేలా అన్నాడు.

"చెప్పు చూద్దాం బిడ్డా. నువ్వెవలు? మనం ఏడ కలిసినం?"

నేను లేచి నిలబడ్డాను. ఊరు చెప్పాను, పేరు చెప్పాను, ఫిల్మ్ నగర్ గోడౌను చెప్పాను. కూజా గురించి, సైకిల్ గురించి, విమానం గురించి, కాఫీపొడి గురించి వరసగా చెప్పాను. ఎక్కడా తడబడలేదు. ఆయన గడ్డం కింద వేలు పెట్టుకుని, పేపరు దిద్దుతున్నట్టు తలాడిస్తూ విన్నాడు.

"అంత సరిగ్గనే చెప్పింది" అన్నాడు భార్యతో. "గీ పిల్లకు పని నేర్పింది నేనే."

ఆవిడ నా వంక చూసింది.

"అవును పిన్నీ, అంతా బాబాయే నేర్పారు" అన్నాను.